డిమాండ్ రేఖకు ఊలు దారం: విజయనగరం నుంచి ఒక ప్రాజెక్టు డైరీ

జూన్ 16, 2025, సోమవారం

విజయనగరంలో ఒక డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. కరోనా సమయంలో మొదలుపెట్టిన ఆన్‌లైన్ కోర్సు మాది ఇప్పటికీ నడుస్తోంది. ఐదు యూనిట్లు, 31 వీడియోలు, యూనిట్‌కో పీడీఎఫ్, చివర ఒక క్విజ్. క్లాసుకు రాలేకపోయిన పిల్లలు అందులో చూసుకుంటారు. ఆ కోర్సంటే నాకు చాలా ఇష్టం. ఎన్నో రాత్రుళ్లు కూర్చుని చేసుకున్నది.

ఆ కోర్సు అందని పిల్లలు ఈ ఏడు నా క్లాసులో నలుగురున్నారు. బొబ్బిలి దగ్గర పల్లె నుంచి వచ్చిన అబ్బాయికి పుట్టుకతోనే చూపు లేదు. ఒక అమ్మాయికి వినపడదు. ఇంకో అమ్మాయికి చూపు బాగా తక్కువ, ఫోన్‌ను ముక్కుకు ఆనించుకుని చదువుతుంది. నాలుగో అబ్బాయికి సెరిబ్రల్ పాల్సీ. చేతులు అనుకున్నట్టు కదలవు, మౌస్ పట్టుకోలేడు. కీబోర్డు మీద నిదానంగా ఒక్కో మీటా నొక్కగలడు.

ఈ రోజు క్లాసయ్యాక మొదటి అబ్బాయి ఫోన్ పట్టుకుని వచ్చాడు. "మేడమ్, మీ రెండో యూనిట్ తెరిచానండి. ఏటో చదువుతోంది గానీ తెలుగు కాదు" అన్నాడు. ఫోన్ నా చేతికిచ్చాడు. ఫోన్ తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే టాక్‌బ్యాక్ గొంతు గడగడా చదువుకుపోతోంది: "ఎల్, డాలర్, ఎక్స్, బ్రాకెట్, క్యాపిటల్ ఏ..." అరనిమిషం విన్నాను. అది నేను రాసిన డిమాండ్ సూత్రం.

జూన్ 19, గురువారం

రెండు రాత్రులు కూర్చుంటే విషయం తేలింది. 2020లో నా చేతిరాత నోట్సును ఊళ్లో ఒక డీటీపీ షాపులో టైపు చేయించాను. శుభలేఖలకీ కరపత్రాలకీ వాడే పాతకాలపు ఫాంటు అది. అన్ని భాషల అక్షరాలకూ ఒక్కో సంఖ్య ఇచ్చే యూనికోడ్ పద్ధతి వాడకంలోకి రాకముందు తెలుగు ఫాంట్లు తయారుచేసినవాళ్లకు వేరే దారి లేదు. ఇంగ్లిష్ అక్షరాల కోసం ఉన్న గళ్లలోనే తెలుగు ముక్కలను సర్దుకున్నారు. తలకట్టుకో గడి, కొమ్ముకో గడి, ఒక్కో వత్తుకు ఒక్కో గడి. కాగితం మీద అచ్చు ముత్యాల్లా పడుతుంది. ఫైల్లో మాత్రం ఉండేవి డాలర్లూ బ్రాకెట్లే.

యూనికోడ్‌లో తెలుగుకు సొంతంగా 128 గళ్ల చోటు ఉంది. ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య. ధ అంటే 3111, ర అంటే 3120. ఆ రెండూ వరసగా ఉంటేనే ఫోన్లో టాక్‌బ్యాక్ అయినా, కంప్యూటర్లో ఎన్‌వీడీఏ అయినా "ధర" అని పలుకుతుంది. నా ఫైల్లో ఆ సంఖ్యలే లేవు. ఐదేళ్లుగా నేను తెలుగు పాఠమని ఇస్తున్నది తెలుగులా కనిపించే ఒక బొమ్మ.

ఫాంటు మార్చే కన్వర్టర్లు రెండు ప్రయత్నించాను. మామూలు మాటలు బాగానే వచ్చాయి. సంయుక్తాక్షరాలు వచ్చిన చోట చితికిపోయాయి. "క్షీణోపాంత ప్రయోజన సూత్రం"లో క్ష రెండుగా విడిపోయి, వత్తు వెళ్లి పక్క అక్షరానికి అతుక్కుంది. ఆ మాట రాని పేజీ ఆ యూనిట్‌లో లేదు. రెండో యూనిట్ నేనే మళ్లీ టైపు చేయాలని నిర్ణయించుకున్నాను.

జూన్ 28, శనివారం

ఒకటి, మూడు యూనిట్ల సంగతి వేరు. అవి అచ్చు నోట్సును స్కాన్ చేసిన పేజీలు, అంటే వట్టి ఫొటోలు. వాటి దగ్గర టాక్‌బ్యాక్ "ఇమేజ్" అని చెప్పి ఊరుకుంటుంది.

స్కాన్‌ను గూగుల్ డ్రైవ్‌లో పెట్టి డాక్స్‌తో తెరిస్తే ఫొటోలో ఉన్న తెలుగును అక్షరాలుగా మార్చి ఇస్తుంది. డబ్బు కట్టక్కర్లేదు. పని చాలా వరకు చేసిపెట్టింది. చేసే తప్పులకు మాత్రం ఒక పద్ధతి ఉంది. మ కనిపిస్తే వు అనుకుంటుంది, య కనిపిస్తే యు. ధకు ఉన్న చిన్న గీత మసకగా పడితే ద అయిపోతుంది. "వినిమయం" కాస్తా "వినివుయం" అయింది. కంటితో చదివేవాళ్లు అలాంటివి తెలియకుండానే సర్దుకుని చదివేస్తారు. చెవితో చదివే అబ్బాయికి అది ఎకనామిక్స్‌లో ఇంకో కొత్త మాటలా వినిపిస్తుంది. పరీక్షలో స్క్రైబ్‌కు అదే చెప్పి రాయిస్తాడు. నాకు టెన్షన్ పట్టుకుంది అక్కడే.

ఎన్‌ఎస్‌ఎస్ పిల్లలు ఆరుగురు ముందుకొచ్చారు. మొదట ఒకరు పుస్తకం చూసి గట్టిగా చదువుతుంటే ఇంకొకరు స్క్రీన్ మీద సరిచూశారు. మూడో రోజు పద్ధతి మార్చాం. ఫైలును ఫోనే చదువుతుంది, ఇద్దరూ పుస్తకం మీద వేలు పెట్టుకుని వింటారు. తప్పులు అప్పుడు బయటపడ్డాయి. కన్ను క్షమించేసిన తప్పు చెవికి ముల్లులా గుచ్చుకుంటుంది. 44 పేజీల మొదటి యూనిట్ నాలుగు సాయంత్రాల్లో అయింది.

పక్కన చదవమని ఇచ్చే పాఠ్యపుస్తకం అధ్యాయాలను కూడా ఇలాగే మారిస్తే కాపీరైట్ గొడవ రాదా అని ఒకరు అడిగారు. న్యాయమైన అనుమానమే. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించినప్పుడు సెక్షన్ 52(1)లో ఒక కొత్త మినహాయింపు చేర్చారు. వైకల్యం ఉన్నవాళ్లు చదువుకోవడానికి, లాభాపేక్ష లేకుండా, వాళ్లకు అందే రూపంలోకి మార్చి ఇవ్వవచ్చు. చూపు లేని పాఠకుల కోసం 2013లో కుదిరిన మరకేష్ ఒప్పందాన్ని 2014లో అందరికంటే ముందు ఆమోదించిన దేశం మనదే. మార్చిన ఫైలు ఆ పిల్లలకు తప్ప బయటికి వెళ్లకూడదని రాసుకుని పని కొనసాగించాం.

జూలై 5, శనివారం

ఈ రోజు చూపు లేని అబ్బాయి నాకు పాఠం చెప్పాడు.

డిపార్ట్‌మెంట్ కంప్యూటర్లో ఎన్‌వీడీఏ వేసి ఉంచాం. ఉచిత సాఫ్ట్‌వేరే. కుర్చీలో కూర్చున్నాడు, మానిటర్ ఆపేశాను. "హెచ్ నొక్కితే హెడింగ్ నుంచి హెడింగ్‌కి దూకుతుంది మేడమ్, చూడండి" అని నేను కొత్తగా టైపు చేసిన ఫైలు తెరిచి హెచ్ నొక్కాడు. తర్వాత హెడింగ్ లేదంది. మళ్లీ నొక్కాడు. లేదంది. ప్రతి శీర్షికనూ నేను లావుగా, 16 సైజులో పెట్టాను. అది కంటికి. కంప్యూటర్‌కు అదీ ఒక మామూలు వాక్యమే. వర్డ్‌లో స్టైల్స్ అనే చోట హెడింగ్ 1, హెడింగ్ 2 అని చెబితేనే దానికి తెలుస్తుంది.

అంటే ధర వ్యాకోచత్వం (ధర మారితే కొనడం ఎంత మారుతుందన్న కొలత) గురించి ఒక్క పేరా కావాలంటే ఆ అబ్బాయి మొదటి పేజీ నుంచి కింది బాణం నొక్కుకుంటూ రావాలి. పుస్తకంలో పేజీలు తిప్పే హక్కు లేకుండా చేసినట్టే. ఆ సాయంత్రమే కూర్చుని రెండో యూనిట్‌లో 23 శీర్షికలకు స్టైల్ పెట్టాను. గంట కూడా పట్టలేదు.

పీడీఎఫ్ వదిలేశాం. యూనికోడ్‌లో టైపు చేసినా, పీడీఎఫ్‌గా మార్చాక లోపల తెలుగు వత్తులు, గుణింతాలు తారుమారవడం రెండు ఫైళ్లలో చూశాను. ఇక నుంచి అందరికీ వర్డ్ ఫైలే. చూపు తక్కువ ఉన్న అమ్మాయి అక్షరం సైజు తనకు కావలసినంత పెంచుకుంటోంది, వాక్యం స్క్రీన్ దాటి పక్కకు పోవడం లేదు. తన కోసం అనుకుని చేసింది కాదది, కానీ మొదట సంతోషపడింది తనే.

చిన్న చిన్నవి కొన్ని. "రూ.20/-" అని రాస్తే "రూ" అని ఆగి, ఇరవై తర్వాత గీతల పేర్లు కూడా చదువుతోంది. "20 రూపాయలు" అని మార్చాను. "కి.గ్రా." తీసేసి "కిలోలు" పెట్టాను. సూత్రాలు బొమ్మలుగా ఉండేవి, వాటిని మాటల్లో రాశాను: డిమాండ్‌లో వచ్చిన శాతం మార్పును ధరలో వచ్చిన శాతం మార్పుతో భాగించాలి. చూపు ఉన్న పిల్లలు కూడా ఆ వాక్యాన్నే నోట్సులో ఎక్కించుకున్నారు.

జూలై 12, శనివారం

బొమ్మల దగ్గరికొచ్చాం. ఎకనామిక్స్ సగం గీతల్లోనే ఉంటుంది.

డిమాండ్ రేఖ కింద ప్రత్యామ్నాయ పాఠంగా, అంటే బొమ్మకు బదులు ఫోన్ చదివి వినిపించే మాటలుగా, "పటం 2.1, డిమాండ్ రేఖ" అని రాశాను. "బొమ్మ ఉందని చెప్పింది మేడమ్, అందులో ఏటుందో చెప్పలేదు" అన్నాడు చూపు లేని అబ్బాయి. నిజమే కదా. మళ్లీ రాశాను: "నిలువు గీత మీద కిలో ఉల్లిపాయల ధర. అడ్డగీత మీద ఒక కుటుంబం కొనే పరిమాణం. 40 రూపాయలప్పుడు 1 కిలో, 30 అప్పుడు 2, 20 అప్పుడు 4, 10 అప్పుడు 7 కిలోలు. రేఖ ఎడమవైపు పైనుంచి కుడివైపు కిందికి దిగుతుంది."

రెండుసార్లు విన్నాడు. కాసేపు ఆలోచించి అడిగాడు: "దిగడం అంటే ఎలాగండి? మెట్లు దిగినట్టా, జారుడుబల్లా?"

నా దగ్గర జవాబు లేదు. అంటే, జవాబు నాకు తెలుసు. ఇన్నేళ్లుగా బోర్డు మీద ఒక్క గీతతో చెప్పేసిన ఆ జవాబును మాటల్లో ఎప్పుడూ చెప్పి ఉండలేదు.

జూలై 20, ఆదివారం, ఆ తర్వాతి వారం

ఇంట్లో భోజనాల బల్ల మీద అట్టముక్కలు పరిచాను. మా అత్తయ్యగారు పెరటి కొబ్బరాకుల ఈనెలు తీసి, శుభ్రంగా గీకి ఇచ్చారు. ఎందుకో చెప్పగానే ఆవిడే బొట్టుబిళ్లల అట్ట కూడా తెచ్చిపెట్టారు.

రెండు అక్షాలకు రెండు ఈనెలు. రేఖకు ఊలు దారం. ధర, పరిమాణం కలిసే నాలుగు చోట్ల నాలుగు బొట్టుబిళ్లలు. అన్నీ ఫెవికాల్‌తో అంటించి రాత్రంతా ఆరబెట్టాను.

సోమవారం నాడు తీసుకెళ్లి ఇస్తే ఎడమ చేయి అట్ట మూల మీద ఆన్చి, కుడి చూపుడు వేలు దారం మీద పెట్టాడు. రెండు అంగుళాలు దిగి ఆగాడు. "ఇదేంటి మేడమ్? ఇక్కడ ఇంకో బిందువా?" చూస్తే అది ఫెవికాల్ చుక్క. ఆరి గట్టిపడి పూసలా నిలబడింది. అలాంటివి అట్టంతా ఆరేడు ఉన్నాయి. నాకు కనబడనే లేదు, పారదర్శకంగా ఆరిపోయాయి కాబట్టి. ఆ వేలికి మాత్రం అవన్నీ పటంలో భాగమే.

రెండో అట్టకు జిగురు పుల్లతో పలచగా రాశాను. ఈసారి సప్లయి రేఖ కూడా పెట్టాను, దానికి ఊలు వద్దనుకుని గోగునార పురికొస వాడాను. జ్యూట్ మిల్లుల ఊళ్లో దానికి కొదవ లేదు. వేలికి ఈనె నున్నగా, గట్టిగా తగులుతుంది. ఊలు మెత్తన, పురికొస గరుకు. ఏది ఏ రేఖో ఎవరూ చెప్పక్కర్లేదు.

జూలై 24న ఆ అట్ట అతని చేతిలో పెట్టాను. ఊలు దారం మీద వేలు మెల్లగా కిందికి దిగింది. "జారుడుబల్లే. కిందికొచ్చేకొద్దీ వాలు తగ్గిపోతోంది" అన్నాడు. ఆ వాలు సంగతి నేను చెప్పలేదు, పై నాలుగు అంకెల్లో దాగి ఉన్నది. తర్వాత పురికొస పట్టుకుని పైకి వెళ్లాడు. రెండు దారాలు ఒకదాని మీద ఒకటి ఎక్కిన చోట వేలు ఆగింది. అక్కడే ముందుకీ వెనక్కీ రుద్దాడు. "ఇక్కడ ముడిలా ఉంది మేడమ్."

"అదే సమతౌల్య ధర" అన్నాను.

"ఇదేనా!" అన్నాడు. వేలు తీయకుండా పక్కకు జరిపి నిలువు ఈనె దాకా వెళ్లి, ఎన్ని రూపాయలో గుర్తులు లెక్కపెట్టుకున్నాడు. పక్కన నిలబడ్డ పిల్లలు ఇద్దరు కళ్లు మూసుకుని తామూ పట్టుకుని చూస్తామన్నారు. ఇప్పటికి ఏడు అట్టలు తయారయ్యాయి. ఉదాసీనతా వక్రరేఖలు (రెండు వస్తువుల్లో ఒకే తృప్తినిచ్చే కలయికలను చూపే గీతలు) మాత్రం కుదరడం లేదు. మూడు రేఖలు పక్కపక్కనే వస్తే వేలికి దారి తప్పుతోంది. రేఖల మధ్య కనీసం ఒక వేలు మందం ఖాళీ ఉండాలని అతనే కొలత చెప్పాడు.

ఆగస్టు 2, శనివారం

వీడియోలు. 31లో ఒక్కదానికీ కింద అక్షరాలు లేవు.

వినపడని అమ్మాయితో కూర్చుని నా వీడియో ఒకటి చూశాను. ఆ అమ్మాయి పెదవుల కదలిక చూసి కొంత పట్టుకుంటుంది. పది నిమిషాల వీడియోలో నేను దాదాపు సగం సేపు బోర్డు వైపు తిరిగే మాట్లాడాను. కనబడేది నా జడ మాత్రమే. అదే వీడియోను చూపు లేని అబ్బాయి విన్నప్పుడు ఇంకో లోపం తగిలింది: "ఇది ఇక్కడికి జరిగితే అది అక్కడికి పోతుంది." వేలితో చూపిస్తూ అన్న మాటలవి. ఒకే వాక్యం ఇద్దరికీ అందలేదు, ఇద్దరికీ వేర్వేరు కారణాలతో.

క్యాప్షన్ల కోసం వీడియో శబ్దాన్ని గూగుల్ డాక్స్ వాయిస్ టైపింగ్‌కు వినిపించి తెలుగులో రాయించాను. తర్వాత సబ్‌టైటిల్ ఎడిట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వాక్యాలకు సమయాలు అమర్చాను. పది నిమిషాల వీడియోకు నాకు రెండున్నర గంటలు పడుతోంది. టైపింగ్ వేగం బాగుంది, కానీ "ఉపాంత ప్రయోజనం" (ఇంకో ముంజె తింటే అదనంగా కలిగే తృప్తి లాంటిది) అన్న ప్రతిసారీ "ఉపాధి ప్రయోజనం" అని రాసింది. అర్థంపర్థం లేని మాట పడితే కంట్లో పడేది. ఉపాధి కూడా ఎకనామిక్స్ మాటే కాబట్టి మొదటి వీడియోలో మూడుచోట్ల నేను దాటేసి వెళ్లిపోయాను. పట్టుకున్నది ఆ అమ్మాయే. కాగితం మీద రాసి చూపించింది: "ముంజెలు తింటే ఉపాధి ఎలా తగ్గుతుంది?"

మరో విషయం ఆ అమ్మాయి వల్లే తెలిసింది. తనకు మొదటి భాష తెలుగు కాదు, సైగల భాష. తెలుగు తర్వాత నేర్చుకున్నది. పొడుగు వాక్యాలు, "అయినప్పటికీ"లు, "తద్వారా"లు దండిగా ఉన్న క్యాప్షన్ తనకు అడవిలా ఉంటుంది. అందుకని కొత్తగా తీసే వీడియోల్లో నేనే చిన్న వాక్యాలు మాట్లాడుతున్నాను. "వ్యాకోచత్వం" అనే మాట వచ్చినప్పుడు ఆ అమ్మాయి రెండు చేతులతో రబ్బరు బ్యాండు లాగినట్టు చేసి, తన స్నేహితురాలికి చూపించింది. ఇప్పుడు క్లాసులో ఆ మాట వస్తే నేనూ అదే సైగ చేస్తున్నాను.

ఆగస్టు 14, గురువారం

క్విజ్. సరైన జవాబును మౌస్‌తో లాక్కొచ్చి పెట్టెలో వేయాలి, నాకు చాలా నచ్చి పెట్టిన ప్రశ్నలు. సెరిబ్రల్ పాల్సీ ఉన్న అబ్బాయికి అవి అసాధ్యం, చూపు లేని అబ్బాయికి అక్కడ ఏముందో కూడా తెలియదు. అన్నీ జాబితాలోంచి ఎంచుకునే ప్రశ్నలుగా మార్చాను. ట్యాబ్, బాణం, ఎంటర్ మీటలతో మొత్తం పూర్తవుతుంది. మౌస్ తీసి పక్కన పెట్టి నేనే ఒకసారి మొదటి నుంచి చివరిదాకా చేసి చూశాకే పెట్టాను.

సమయం కూడా మార్చాను. రాత పరీక్షల్లో స్క్రైబ్‌ను తీసుకునేవాళ్లకు గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలని 2018 కేంద్ర మార్గదర్శకాలు చెప్పాయి. అదే లెక్క ఇక్కడా పెట్టి 60 నిమిషాల క్విజ్‌ను ఆ నలుగురికీ 80 చేశాను.

రంగుల సంగతి. తెల్ల స్లయిడ్ మీద పసుపు అక్షరాలు వాడాను చాలా చోట్ల. మామూలు సైజు అక్షరానికీ వెనక రంగుకూ మధ్య తేడా కనీసం 4.5కు 1 ఉండాలని వెబ్ ప్రమాణం. తెలుపు మీద పసుపు కొలిస్తే 1.07 వచ్చింది. ముదురు ఎరుపు కాని మామూలు ఎరుపు కూడా 4 దగ్గరే ఆగిపోయింది. నలుపు, ముదురు నీలం తప్ప అన్నీ తీసేశాను.

ఆగస్టు 24, ఆదివారం

స్టాఫ్ రూమ్‌లో ఒకాయన అడిగారు, మంచి మనసుతోనే: "నలుగురి కోసం ఇంత కష్టమా మేడమ్?"

చట్టం సంగతి చెప్పాను. వైకల్యం ఉన్నవాళ్ల హక్కుల కోసం వచ్చిన 2016 చట్టం వైకల్యాల జాబితాను 7 నుంచి 21కి పెంచింది. ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో వాళ్లకు కనీసం 5 శాతం సీట్లు ఇవ్వాలంది. ఈ ఏడాది ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవలు అందడం కూడా జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. సీటు ఇచ్చి పాఠం ఇవ్వకపోతే ఆ సీటులో కూర్చుని ఏం చేయాలి ఆ పిల్లాడు?

ఆయన తలూపారు గానీ నాకే తృప్తి లేకపోయింది. సాయంత్రం కోట వైపు నడిచి వెళ్తుంటే సంగీత కళాశాల ముందు ఆగాను. 1919లో విజయరామ గజపతిరాజు గారు దాన్ని పెట్టడానికి కారణం, ఆస్థానంలోని చాగంటి జోగారావు గారి చూపు లేని కొడుకు సంగీతం నేర్చుకోవాలని అడగడమేనని ఊళ్లో అందరూ చెప్పుకుంటారు. ఒక్క పిల్లాడి కోసం. చూపు బాగా మందగించిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడే వయొలిన్ ఆచార్యుడిగా చేరి, తర్వాత ప్రిన్సిపాల్ అయ్యారు. రేపు స్టాఫ్ రూమ్‌లో ఆయనకు ఈ మాటే చెబుతాను.

సెప్టెంబర్ 6, శనివారం

లెక్క: మూడు యూనిట్లు పూర్తిగా అయ్యాయి. నాలుగో యూనిట్ సగంలో ఉంది, ఐదోది ముట్టుకోలేదు. క్యాప్షన్లు 31లో 12 వీడియోలకు. ఉదాసీనతా రేఖల అట్ట మూడోసారి కూడా సరిగా రాలేదు. ఈసారి రేఖకో అట్ట విడివిడిగా చేసి చూడాలి. పట్టికల్లో గళ్లు కలిపేసినవి ఇంకా ఆరు ఉన్నాయి, వాటిని విడగొట్టాలి. లేకపోతే ఏ అంకె ఏ వరుసదో చెవికి తెలియదు.

నిన్న రాత్రి పదకొండున్నరకు చూపు లేని అబ్బాయి దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. ఫైలు మళ్లీ తెరుచుకోవడం లేదేమోనని కంగారుగా చూశాను. "మేడమ్, మొదటి యూనిట్‌లో ముంజెల పట్టిక. ఉపాంత ప్రయోజనం 10, 8, 6, 4, 2 అని ఉంది. మొత్తం ప్రయోజనం నాలుగో ముంజె దగ్గర 28, ఐదో ముంజె దగ్గర 29 అని చదివింది. 28కి 2 కలిపితే 30 కదండి?"

పాత పుస్తకం తీసి చూశాను. అచ్చులోనే 29 ఉంది. 2020 నుంచి ఐదు బ్యాచ్‌ల పిల్లలు ఆ పట్టికను చూశారు, నేనూ చూశాను. 30 అని దిద్ది, ఫైలు మళ్లీ ఎక్కించి, అతనికి జవాబు పెట్టాను. "ఇప్పుడు 30 అని చదువుతోంది మేడమ్" అని వెంటనే తిరిగి పెట్టాడు. కింద ఇంకో వరుస: "నాలుగో యూనిట్ ఎప్పుడండి?"